పదకొండు జాంబీలు, ఒక స్మృతి

“మీ జాంబీ చచ్చిపోయాడా, చచ్చిపోలేదా? ముందు అది తేల్చండి.”

స్మృతి నాతో అన్న మొట్టమొదటి మాట ఇదే. హాయ్ లేదు, హలో లేదు.

అవినాష్ వాళ్ల బేస్‌మెంట్‌లో శనివారం మధ్యాహ్నం రిహార్సల్. అమెరికాలో, జార్జియా రాష్ట్రం కమ్మింగ్ ఊళ్లో ఉండే తెలుగువాళ్లం ఉగాదికి నాటకం వేస్తున్నాం. రాసింది నేను, డైరెక్షన్ నేను, హీరో నేను. ‘ఇంక చప్పట్లు కూడా నువ్వే కొట్టేసుకో రవీ’ అన్నాడు అవినాష్.

కథ సింపుల్. ల్యాబ్‌లోంచి వైరస్ బయటపడుతుంది. ఊరంతా జాంబీలైపోతారు. హీరోయిన్‌ని కూడా కరిచేస్తారు. ఒక సైంటిస్ట్ ఆమెకి క్లోన్‌ని తయారుచేసి హీరోకి ఇస్తాడు. దానికి ఆత్మ లేదని హీరోకి తెలిసిపోతుంది. ఏడుస్తూ బేస్‌బాల్ బ్యాట్ ఎత్తుతాడు. తెర.

సమస్యల్లా జాంబీలతోనే వచ్చింది. మా వయసువాళ్లందరికీ హీరో ఫ్రెండ్ వేషమే కావాలి. అప్పుడు అవినాష్‌కి ఐడియా వెలిగింది. ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లుండే అమ్మానాన్నలు ఉన్నారు కదా! వీక్‌డేస్ అంతా ఖాళీ. పైగా మోకాళ్ల నొప్పులు, నడకకి ట్రైనింగ్ అక్కర్లేదు. అలా పదకొండు జాంబీలు తయారయ్యారు. మా అమ్మ కృష్ణకుమారి అందులో ఒకరు. అవినాష్ వాళ్ల నాన్న పరంధామయ్య గారు జాంబీల లీడరు.

ఆ రోజు మేకప్ వేయడానికి వాలంటీర్ వస్తుందన్నారు. వచ్చింది. చేతిలో బ్రష్‌ల డబ్బా, జుట్టుకి పెన్సిల్ గుచ్చిన ముడి, కళ్లలో మాత్రం ఎగ్జామినర్.

“చచ్చిపోయాకే కదండీ జాంబీ అవుతాడు,” అన్నాను.

“చచ్చిపోతే వైరస్ ఎలా బతుకుతుంది? దానికి బతికున్న సెల్ కావాలి. చచ్చిన సెల్‌లో వైరస్ ఏం చేస్తుంది, అద్దెకుంటుందా?”

జాంబీలు నవ్వారు. మా అమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది.

“కరిచిన పన్నెండు సెకన్లలో మారిపోతారని రాశారు,” పేజీ తిప్పింది. “రక్తం ఒళ్లంతా ఒక రౌండ్ కొట్టి రావడానికే దాదాపు నిమిషం పడుతుంది. మీ వైరస్ ఉబర్ బుక్ చేసుకుందా?”

“ఇది ఫిక్షన్ అండీ.”

“ఫిక్షన్‌లో వైరస్ కూడా పాపం కష్టపడాలండీ. నేను ల్యాబ్‌లో రోజూ వాటితోనే ఉంటాను, నాకు తెలుసు. అంటే మీ జాంబీలు శవాలు కాదు, పేషెంట్లు. మీ హీరో ఇంటర్వెల్‌కి ముందు ఏడుగురు పేషెంట్లని బ్యాట్‌తో కొట్టి చంపాడు. బాగుందా?”

పరంధామయ్య గారు చెయ్యెత్తారు. ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పిన మనిషి, ఏదైనా పద్ధతిగానే అడుగుతారు. “ఒక సందేహం బాబూ. నాలో ఆత్మ ఉన్నట్టా లేనట్టా? దాన్నిబట్టి నటిస్తాను. లేకపోతే ఊరికే నడుస్తా. ఉంటే కాస్త బాధపడుతూ నడుస్తా.”

“మా ఇంట్లో ఎవరైనా ఇట్లా అయితే పదకొండో రోజు చెయ్యాలా వద్దా?” మా అమ్మ అందుకుంది. “మనిషేమో ఎదురుగా తిరుగుతూ ఉంటాడు. పంతులు గారికి ఏమని చెప్తాం?”

“శ్వాస ఉన్నన్నాళ్లూ కర్మకాండ కుదరదు కృష్ణకుమారి గారూ,” అన్నారు పరంధామయ్య గారు.

“అయితే అన్నం పెట్టాల్సిందే.”

నా హారర్ నాటకం కళ్లముందే కార్తీక వనభోజనమైపోతోంది. టాపిక్ మార్చాలి కాబట్టి గొంతు పెంచాను. “జాంబీలకి ఆత్మ ఉందనే అనుకుందాం. క్లోన్‌కి మాత్రం లేదు. అది జిరాక్స్. ఒరిజినల్ ఒకటే ఉంటుంది, రెండోది ఉత్త కాయితం.”

స్మృతి చేతిలో బ్రష్ ఆగిపోయింది. పరంధామయ్య గారి బుగ్గ మీద రంగు పూర్తిచేసి, డబ్బా సర్దుకుని, మెట్లెక్కి వెళ్లిపోయింది.

“ఏమన్నావురా ఆ పిల్లని?” అంది అమ్మ, బూడిదరంగు మొహంతో.

ఏమన్నానో నాకూ తెలీదు.

మర్నాడు ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర కనపడింది. వెళ్లి ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాను. “స్మృతి గారూ, సారీ, ఏమన్నానో నాకు తెలీదు కానీ సారీ, మీ పాయింట్లన్నీ కరెక్టే, పన్నెండు సెకన్లు తీసేస్తాను, మూడు వారాలు పెడతాను...”

ఆ అమ్మాయి కరివేపాకు కట్ట పట్టుకుని నన్ను పైనుంచి కిందదాకా చూసింది. “ఓ... జిరాక్స్ మీరేనా?”

“అంటే?”

“నేను అనికని. స్మృతి వాళ్ల అక్కని. అరిజోనాలో చాండ్లర్ నుంచి వచ్చాను, నెల రోజులుంటా.”

అదే ముక్కు. అదే గడ్డం. అదే గొంతు.

“ఐడెంటికల్ ట్విన్స్,” అంది. “ఒక్క అండమే రెండుగా విడిపోయింది. అంటే బయాలజీ ప్రకారం మేమిద్దరం క్లోన్లమే. నాలుగు నిమిషాలు ముందు నేను పుట్టాను కాబట్టి ఒరిజినల్ నేనట. మరి ఉత్త కాయితం ఎవరో మీకు తెలుసు కదా!”

ఆ స్టోర్‌లో నేల చీలితే అందులోకి దూకేసేవాణ్ణే. చీలలేదు. స్మృతి నంబర్ అడిగి తీసుకున్నాను. పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని మెసేజ్ టైప్ చేశాను, చెరిపాను, మళ్లీ టైప్ చేశాను. చివరికి పంపింది ఇంతే: ‘నాకు వైరస్ రాదు, క్లోన్ రాదు, మాట్లాడటం అంతకన్నా రాదు. నేర్పిస్తారా?’

గంటకి జవాబు వచ్చింది. ‘కాఫీ ఖర్చు మీది.’

మార్చి చివరి వారం. జార్జియాలో పుప్పొడి సీజన్. కార్ల మీద, మెట్ల మీద, మనుషుల మీద పసుపు రంగు పొడి. నా కారు బానెట్ మీద వేలితో గీసి చూపించింది స్మృతి. “ఇదిగో నీ వైరస్. వేలి మీద కరిచారనుకో. నరం పట్టుకుని రోజుకి రెండంగుళాల చొప్పున పైకి ఎక్కుతుంది. మెదడులో మాట పుట్టే చోట ఆగిపోతుంది. అక్కడే ఇల్లు కట్టుకుంటుంది.”

“అప్పుడు?”

“వాళ్లకి అన్నీ అర్థమవుతాయి. ఎవరు ఎవరో తెలుసు. పేరు పెట్టి పిలుద్దామనుకుంటారు. నోట్లోంచి ఆ మూలుగే వస్తుంది.”

“అంటే జాంబీలు మీదకి వచ్చేది...”

“కరవడానికి కాదు. మనవాళ్లని గుర్తుపట్టి వస్తారు.”

అంతే, ఆకాశం తెరుచుకున్నట్టు వాన. వైరస్ బొమ్మ బానెట్ మీంచి పచ్చగా కారిపోయింది. ఇద్దరం కార్‌లోకి దూరాం. తుమ్ముతూ నవ్వింది, నవ్వుతూ తుమ్మింది. నేనైతే అక్కడే, ఆ తుమ్ముల మధ్యే పడిపోయాను.

“స్మృతీ, నిజం చెప్పు. ఆత్మ ఉందంటావా?”

“మైక్రోస్కోప్‌లో కనపడదు కాబట్టి నాకు తెలీదు. కానీ ఎవరికి ఉందో ఎవరికి లేదో బ్యాట్ పట్టుకున్నవాడు డిసైడ్ చేయకూడదు.” అద్దం మీద జారే వాన చుక్క వెంట వేలితో గీసింది. “రెండేళ్ల క్రితం అక్కకి ఒక సంబంధం వచ్చింది. అక్క వద్దంది. ఆ అబ్బాయి వాళ్లు ఏమన్నారో తెలుసా? పర్లేదండీ, రెండో అమ్మాయి ఉందిగా, ఇద్దరూ ఒకటేగా, ఆమెనే ఇచ్చేయండి.”

“మీవాళ్లేమన్నారు?”

“మా అమ్మ చాలా సంతోషించింది. పాపం, సమస్య తీరిపోయిందనుకుంది. నేను వద్దన్నాను.” నవ్వింది, కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. “నాకు ఒక్క కోరిక రవీ. ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే నాకోసమే రావాలి. అక్క లేదని కాదు, అక్కలా ఉన్నానని కాదు.”

నేను తలూపాను. గుర్తుంచుకుంటాననుకున్నాను.

రిహార్సల్స్‌లో మా అమ్మకి స్మృతి తెగ నచ్చేసింది. రెండు వారాలు తిరక్కుండానే, “ఆ పిల్ల పుట్టిన టైము కనుక్కో” అంది. నేను గాల్లో తేలుతూ స్మృతిని అడిగాను. వాళ్లమ్మ రాసిపెట్టుకున్న కాయితం ఫొటో పంపింది. అనిక, ఉదయం 6:12. స్మృతి, ఉదయం 6:16. అమ్మ దాన్ని గుంటూరులో సిద్ధాంతి గారికి వాట్సాప్ చేసింది.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర దోసె తిరగేస్తూ చెప్పింది. “కుదరలేదురా. నీకూ స్మృతికీ ముప్ఫై ఆరు మార్కులకి పదహారే వచ్చాయి.”

“అమ్మా, అవన్నీ...”

“పూర్తిగా విను. ఆ నాలుగు నిమిషాల మధ్యలో నక్షత్రం మారిపోయింది. వాళ్లక్కతో అయితే ఇరవై తొమ్మిది! బ్రహ్మాండమన్నారు సిద్ధాంతి గారు. అదే మొహం, అదే గొంతు, అదే ఇల్లు. అనికని చేసుకో నాన్నా, నీకేం తేడా?”

నా చేతిలో దోసె ముక్క నోటిదాకా రాలేదు.

అవినాష్ దగ్గరికి పరుగెత్తాను. వాడు చాలా కూల్‌గా, “నాలుగు నిమిషాలే కదా మామా. కాయితం మీద పేర్లు తారుమారయ్యాయని చెప్పు. 6:12కి పుట్టింది స్మృతి అను. అమ్మ హ్యాపీ, నువ్వు హ్యాపీ, సిద్ధాంతి కూడా హ్యాపీ,” అన్నాడు.

చెప్పేశాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాతో ఒక్క మాట కూడా అనకుండా ఆ మధ్యాహ్నమే టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న స్మృతి వాళ్లమ్మ రత్నం గారికి ఫోన్ చేసి, “మీ పెద్దమ్మాయిని మా వాడికి అడుగుదామని” అంది. అమ్మ లెక్కలో ఇప్పుడు పెద్దమ్మాయి స్మృతి కదా! రత్నం గారి లెక్కలో పెద్దమ్మాయి అనికే. ఆవిడ ఫోన్ పెట్టేసి, ఆ శుభవార్త మొదట ఎవరికి చెప్పారో చెప్పక్కర్లేదు.

డ్రెస్ రిహార్సల్ మధ్యలో వచ్చింది స్మృతి. బేస్‌మెంట్‌లో పదకొండు జాంబీలు మూలుగుతున్నారు.

“కంగ్రాచులేషన్స్,” అంది. “మా అమ్మ చెప్పింది. అక్కకి సంబంధం వచ్చిందట. కమ్మింగ్ అబ్బాయి. రవికాంత్ అట.”

మూలుగులు ఆగిపోయాయి.

“అయ్యో, కాదు! అక్క కాదు, నువ్వే! అమ్మకి నక్షత్రం కుదరలేదు, అందుకని నీకు అనిక టైమ్ ఇచ్చాను, అంతే...”

నోట్లోంచి బయటికి వచ్చాక కానీ ఆ మాట నాకే వినపడలేదు.

“అంతేనా?” అంది చాలా నెమ్మదిగా. “వాళ్లు అక్క దొరకలేదని నన్ను అడిగారు. నువ్వు నన్ను అక్కని చేసి అడిగావు. నా పేరు అలాగే ఉంచి, నన్ను తీసేశావు. నీ నాటకంలో సైంటిస్ట్ చేసింది కూడా ఇదే కదా రవీ.”

“స్మృతీ, ఒక్క నిమిషం...”

“షోకి వస్తాను. ఆంటీవాళ్ల మేకప్ కోసం. నీకోసం కాదు.”

కార్‌లో ఇంటికి వెళ్తూ అమ్మకి మొత్తం చెప్పేశాను. పేర్లు మార్చింది నేనేనని చెప్పాను. రంగు కడుక్కోలేదు కదా, పక్క సీట్లో జాంబీ మొహంతో కూర్చుని ముందుకే చూస్తోంది. పక్క కారులోవాళ్లు మమ్మల్ని చూసి కిటికీ ఎత్తేసుకున్నారు.

“నీకు జాతకాల మీద నమ్మకం లేకపోతే లేదని చెప్పొచ్చుగా,” అంది చివరికి. “నమ్మకం ఉంటే మార్చకూడదుగా. ఇదేం పని?”

“భయమేసిందమ్మా. నువ్వు వద్దంటావని.”

“ఆ పిల్ల మాట్లాడటం లేదా?”

“లేదు.”

“మాట్లాడకపోతేనే మంచి పిల్ల.” “వాళ్లక్కని చేసుకో, నీకేం తేడా అన్నానే, ఆ పిల్లకి అదీ తెలుసా?”

“అది చెప్పలేదు.”

“నేనే చెప్తాలే,” అంది.

ఉగాది ఆదివారం. స్కూల్ ఆడిటోరియం వెనక ఒక క్లాస్‌రూమ్‌లో మేకప్. నేను కొత్తగా రాసిన ఆఖరి సీన్ కాయితాలు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి ఆగిపోయాను. లోపల స్మృతి, అమ్మ. అమ్మకి సగం మొహమే జాంబీ, మిగతా సగం కృష్ణకుమారి.

“నేనొక మాట అన్నానమ్మా. వాళ్లక్కని చేసుకో, నీకేం తేడా అని మావాడితో అన్నాను. అది నీకు నేనే చెప్పాలి.”

స్మృతి చెయ్యి గాల్లో ఆగింది.

“పొద్దున మీ అక్క వచ్చి మేకప్ నేను వేస్తా ఆంటీ అంది. మంచి పిల్ల. టకటకా మొదలుపెట్టింది. నేను వద్దన్నాను. నువ్వైతే ముందు నీ చేతిమీద పెట్టుకుని చూస్తావు. చల్లగా ఉంది ఆంటీ, వేయనా అని అడుగుతావు. అడిగాకే వేస్తావు. పదకొండు మందినీ అట్లాగే అడుగుతావు. అది చూశాక కూడా ఇద్దరూ ఒకటే అన్నాను చూడు, నా కళ్లకేమైందో.”

“జాతకం కుదరలేదు కదా ఆంటీ,” అంది స్మృతి.

“రవి వాళ్ల నాన్నకీ నాకూ ముప్ఫై ఆరుకి ముప్ఫై రెండు. ఇప్పటికీ కాఫీలో చక్కెర దగ్గర కుదరదు. నీ టైము నీదే, నీ నక్షత్రం నీదే. వాటితోనే రా. కానీ మావాణ్ణి క్షమించాలో వద్దో నీ ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. ఇంక ఈ రెండో సగం పూర్తిచెయ్యి, ఇట్లా వెళ్తే జనం నవ్వుతారు.”

అమ్మ బయటికి వస్తూ నన్ను తలుపు వెనక చూసి, ఒక జాంబీ చూపు చూసి వెళ్లింది.

నేను లోపలికి వెళ్లాను. వారం రోజులు ప్రాక్టీస్ చేసిన డైలాగులు ఒక్కటీ గుర్తురాలేదు.

“బ్యాట్ తీసేశాను,” అన్నాను. “చివర్లో క్లోన్ హీరోని అడుగుతుంది, నేనెవరు అని. హీరోకి తెలీదు. తెలీదని చెప్పి, నువ్వే చెప్పు, వింటాను అని కింద కూర్చుంటాడు.”

ఆమె కాయితాలు తీసుకుంది, కానీ చదవలేదు. నన్నే చూస్తోంది.

“సారీ స్మృతీ. నిన్ను పోగొట్టుకుంటానని భయపడి నేనే పోగొట్టాను. నాకు నువ్వంటే ఇష్టం. పదహారు మార్కులకీ ఇష్టమే, సున్నాకీ ఇష్టమే. జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు.”

స్మృతి ఫోన్ తీసింది. నంబర్ నొక్కి, స్పీకర్ ఆన్ చేసి, నా చేతిలో పెట్టింది. “అమ్మకి. నువ్వే మాట్లాడు. ఎవరి గురించో కరెక్ట్‌గా చెప్పు. నేను నోరు విప్పను.”

“హలో?” అన్నారు రత్నం గారు.

“నమస్తే ఆంటీ. నేను రవికాంత్‌ని, కమ్మింగ్ నుంచి. మొన్న మా అమ్మ ఫోన్ చేసింది, అందులో తప్పంతా నాదే. నేను మీ అమ్మాయి గురించి మాట్లాడాలి.”

“ఏ అమ్మాయి బాబూ? పెద్దదా, చిన్నదా?”

స్మృతి కళ్లు దించేసుకుంది. ఆ ప్రశ్న ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో!

“పెద్ద చిన్న కాదు ఆంటీ,” అన్నాను. “ఎలివేటర్‌లో తుమ్మొస్తే తర్వాతి ఫ్లోర్‌లో దిగిపోయి తుమ్మే అమ్మాయి. కారెక్కగానే చెప్పులు విప్పేసి సీటు మీద కాళ్లు ముడుచుకునే అమ్మాయి. ఆర్గ్యుమెంట్‌లో ఓడిపోయాక కూడా ఆఖరి మాట తనదే కావాలనే అమ్మాయి. కోపమొస్తే అరవదు, వస్తువులు సర్దుకుంటుంది. అప్పుడు చాలా భయమేస్తుంది ఆంటీ.”

అవతల ఎక్కడో మిక్సీ ఆగింది.

తర్వాత రత్నం గారు నవ్వారు. “అక్షరాభ్యాసం రోజు కూడా అంతే బాబూ. అందరూ ఏడుస్తుందనుకున్నారు, అది మాత్రం పళ్లెంలోవన్నీ ఒక వరసలో పెట్టుకుంటూ కూర్చుంది. స్మృతి. నా స్మృతి. అదేనా నీకు కావాల్సింది?”

“తనే ఆంటీ. తను ఒప్పుకుంటేనే.”

“అది నన్ను అడుగుతావేంటి? దాన్ని అడుగు.”

స్మృతి ఏడుస్తోంది, నవ్వుతోంది, చేతి వెనకతో కళ్లు తుడుచుకుంటే బూడిదరంగు బుగ్గంతా అంటుకుంది. నోరు విప్పనన్న మనిషి ఫోన్ దగ్గరికి వంగింది.

“ఒప్పుకున్నానమ్మా,” అంది.